ఎలుగుబంటి మార్కు సంపాదకుడు

ఈ వారం మన పత్రిక ఆలస్యంగా చేరినందుకు పాఠకులు మన్నించాలి. సంపాదకుడు పోయాడు. ఇన్నేళ్ళుగా పత్రిక ఆలస్యమైనప్పుడల్లా ఆయన ఏదో ఒక కారణం అచ్చువేసేవాడు. కంభం దారిలో వంక పొంగిందనో, మిషను చక్రం విరిగిందనో, మద్రాసు నుంచి సిరా రాలేదనో. వాటిలో సగం అబద్ధాలని మీకూ తెలుసు. ఈసారి రాస్తున్నది మాత్రం నిజం.

శుక్రవారం పొద్దున మిషను పక్కన వాలుకుర్చీలో కూర్చుని ప్రూఫు చూస్తూ ఉన్నాడట. చూస్తూనే పోయాడు. నేను గిద్దలూరు వార్తలు పోగుచేసుకుని మధ్యాహ్నం రైలు దిగాను. స్టేషను బయట జట్కా సాయబు నా సంచి అందుకుని, "మీ పెద్దనాయన పోయినాడు అబ్బయ్యా. ఎక్కు, బాడిగ వద్దులే" అన్నాడు. బాడిగ వద్దనడం ఆ సాయబు నోట ఎవరూ విని ఎరుగరు. అందుకే నమ్మాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

ఆయన మా నాయనకు అన్న. స్కూలు ఫైనలు తప్పి, కొమరోలు దగ్గర మా జొన్నచేలో పిట్టలు తోలుకుంటూ ఉన్న నన్ను మార్కాపురం పిలిపించి సబెడిటరును చేసినవాడు. "ఫైనలు తప్పినోడికి రెండే పనులు అబ్బీ. ఒకటి పోలీసు, రెండోది పత్రిక. పోలీసుకు నీ ఎత్తు చాలదు" అన్నాడు. అంతే నా ఉద్యోగ పరీక్ష. ఆ రోజు నుంచి ఆయన రాసింది నేను దిద్దడం, నేను దిద్దింది ఆయన మళ్ళీ మొదటిలాగే మార్చడం, ఇదే మా పని.

ఆయనకు చుట్ట అలవాటు లేదు. పొడుం మాత్రం పీల్చేవాడు. పీల్చిన తర్వాత వచ్చే తుమ్ముకు టైపు అరల ముందున్న కంపోజిటర్లు అక్షరాల మీద చేతులు అడ్డం పెట్టుకునేవాళ్ళు. "పొడుం మాత్రం పొగాకు కాదా పెద్దనాయనా?" అని అడిగితే, "పొగ రానిది పొగాకెట్ల అవుతాది రా?" అని నన్నే అడిగేవాడు. వాదన తనకు వ్యతిరేకంగా పోతుందనిపిస్తే మళ్ళీ ఒకసారి తుమ్మేవాడు.

పొగాకు మాట ఎందుకు ఎత్తానంటే, ఆయన కథంతా దానిలోనే ఉంది. ఈ పత్రికకు యజమానులు ఇద్దరని ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. పైకి కనబడేవాడు పెద్దనాయన. వెనకుండేవాడు ఎదురు దుకాణం చుట్టల షావుకారు. ఆయనతో మాకు రక్తసంబంధం ఏమీ లేదు. అయినా వాళ్ళిద్దరూ ఒకరినొకరు "బావా" అనుకునేవాళ్ళు, నేను "మామా" అనేవాణ్ణి. అచ్చుకాగితం మామ కొనిచ్చేవాడు. మిషను పెట్టుకున్న గది మామదే. దానికి బదులు ప్రతి వారం వెనక పేజీలో పెద్ద గడి ఒకటి మామ చుట్టలకు ఇవ్వాలి. ఆ గడిలో ఎలుగుబంటి చుట్ట కాలుస్తూ నిలబడి ఉంటుంది. బొమ్మ చెక్కిన మద్రాసు ఆసామి నల్లమల ఎలుగును ఎన్నడూ చూసినవాడు కాదేమో, అది చూడటానికి బొచ్చు పెరిగిన పొట్టేలులాగా ఉండేది. పెద్దారవీడు గొర్రెలకాపరులు దుకాణానికి వచ్చి, "పొట్టేలు చుట్ట ఒక కట్ట ఇయ్యి" అని అడుగుతుంటే మామ మొహం మాడ్చుకుని ఇచ్చేవాడు.

ఇంకో ఏర్పాటు కూడా ఉండేది. అమ్ముడుపోని పత్రికలన్నీ మామ వసారాలోకి పోయేవి. అక్కడ ఆడవాళ్ళు చుట్టలు చుట్టి, కట్టకొక పత్రిక ముక్క చుట్టి, అరటినారతో కట్టేవాళ్ళు. అట్లా మన పత్రిక చందాదారుల కంటే చుట్టదారులకే ఎక్కువ చేరింది. అడవి అంచున మేకలు కాచేవాడికి కూడా జర్మనీ వాడు ఎక్కడిదాకా వచ్చాడో సగం తెలిసేది. మిగతా సగం తెలియాలంటే ఇంకో కట్ట కొనాలి.

ఇంత మేలు ఊరికే రాదు గదా. మా పత్రికలో కొన్ని మాటలు అచ్చుకాకూడదు. అందులో మొదటిది దగ్గు. ఎవరూ ఆజ్ఞ వెయ్యలేదు, ఎక్కడా రాసుకోలేదు. అది మాకు అలవాటైపోయింది. తాలూకా కచేరీ గుమాస్తా ఖళ్ళుఖళ్ళున దగ్గి మంచం పడితే "స్వల్ప అస్వస్థత" అని వేసేవాళ్ళం. కొమరోలులో గడ్డివాము తగలబడితే, దాని పక్కన చుట్ట కాలుస్తూ నిద్రపోయిన మనిషి పేరుతో సహా ఊరంతా చెప్పుకుంటున్నా, మేము "ఎటునుంచో వచ్చిన నిప్పురవ్వ" అని రాశాం. దగ్గు మందు అమ్మే ఒకాయన ప్రకటన వేయమని కడప నుంచి వస్తే పెద్దనాయన మజ్జిగ ఇచ్చి, కుశలం అడిగి, రైలు ఎక్కించి వచ్చాడు.

నాకు అప్పుడు ఒళ్ళు మండేది. "ఇది పత్రికా, చుట్టకట్టా?" అన్నానొకసారి. ఆయన కోపం తెచ్చుకోలేదు. "నిజం రాయాలంటే ముందు కాగితం కావల్ల గదా అబ్బీ. కాగితం మీ మామ దగ్గరుంది" అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకుంటే ఇక పోట్లాడేదెట్లా?

మామకు దగ్గు పట్టుకుంది. మొదట పొద్దునపూట వచ్చేది. తర్వాత బజారు వీధికి అదే గడియారమైపోయింది. "షావుకారు దగ్గినాడు, పాలు పితకండి" అనేవాళ్ళు. మా ఇంటి పెద్దమ్మ మిరియాల కషాయం పంపితే, మామ తాగి, దాని మీద ఒక చుట్ట వెలిగించేవాడు. ఎల్.ఎం.పి. చదివిన డాక్టరు ఒకాయన వీధి చివర ఉండేవాడు. ఆయన ఛాతీకి గొట్టం పెట్టి చూసి, చుట్ట మానమన్నాడు. మామ డాక్టరును గొట్టంతో సహా దుకాణం మెట్లు దింపించాడు.

ఆ డాక్టరు నేరుగా మా ప్రెస్సుకు వచ్చాడు. "మీ షావుకారు ఇట్లాగే కాలిస్తే ఎక్కువ కాలం ఉండడు. మీరన్నా చెప్పండి" అన్నాడు. పెద్దనాయన పొడుం డబ్బీ మూత తీసి, పీల్చకుండానే మళ్ళీ మూసేశాడు. అంతకుముందు ఆయన అట్లా చెయ్యడం నేను చూడలేదు.

ఆ రోజే వీధి దాటి వెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను.

"బావా, చుట్ట మానెయ్" అన్నాడు.

"నేను మానితే కొనేదెవురు?" అన్నాడు మామ. "కొత్త ఆకు వచ్చినప్పుడల్లా సంతల వాళ్ళ ముందర నేను కాల్చి చూపియ్యల్ల. నుసి రాలకుండా ఎంతసేపు నిలబడితే ఆకు అంత మంచిదని లెక్క. నా నాయన అట్లే చూపించినాడు, నేనూ అట్లే చూపిస్తాండా. మిఠాయిల వాడు తన మిఠాయి తాను తిననంటే ఎవురన్నా తింటారా?"

"చస్తావు రా బావా."

"చస్తే మొదటి పేజీలో వెయ్యి. ఎలుగుబంటిని మాత్రం తియ్యొద్దు."

ఇంకెవరైనా అయితే చేతులు దులుపుకుని వచ్చేవాళ్ళు. పెద్దనాయన ఆలోచించుకుంటూ వచ్చాడు. మామ చెప్తే వినడు. పత్రిక మొత్తం చదవడు. ప్రతి వారం చదివేది తన ఎలుగుబంటి గడి ఒక్కటే, అక్షరం అక్షరం వేలు పెట్టి చదువుతాడు. కాబట్టి చెప్పాల్సింది ఆ గడిలోనే చెప్పాలి. ఆయన తెలివి ఎప్పుడూ ఇట్లాగే ఉండేది, మంచి బాటలో బయలుదేరి పక్క వంకలో పడేది. డాక్టరు చేత నాలుగు వాక్యాలు రాయించాడు. ఈ చుట్ట మహా ఘాటైనదని, గొంతును కాల్చి, దగ్గు తెప్పించి, ఛాతీని పట్టేస్తుందని, ఎంత బలశాలినైనా పడగొడుతుందని. ఎలుగుబంటి బొమ్మ కింద మామూలు పొగడ్త తీసేసి అది పెట్టించాడు. పత్రికలో తొలిసారి దగ్గు అన్న మాటను నా చేతులతో కూర్చాను.

మేం మర్చిపోయింది ఒక్కటే. ఆ పత్రికలే చుట్టకట్టలకు చుడతారని.

వారం తిరగకుండా మామ దుకాణం ముందు బండ్లు నిలబడ్డాయి. కంభం సంత నుంచి, పెద్దారవీడు నుంచి, అడవి పల్లెల నుంచి జనం. కట్ట విప్పి చదివించుకున్న ప్రతివాడూ ఒకటే అనుకున్నాడు. "డాక్టరే జడుసుకున్యాడంటే ఎంత ఘాటుగుండల్ల! బలశాలిని పడగొడతాదంట, మనల్ని పడగొడతాదేమో చూద్దాం ఇయ్యి." కాల్చి పడిపోకపోతే తామే బలశాలులని నిరూపణ అయ్యేది. మామ సంబరం చెప్పలేం. శనక్కాయల మూట ఒకటి ప్రెస్సుకు పంపి, తానే వెనకాల వచ్చాడు.

"బావా, ఇన్నేండ్లకు నా చుట్టను అర్థం చేసుకొని రాసినావు. ఇదే ప్రతి వారం ఎయ్యి. అక్షరాలు ఇంకొంచెం లావు చెయ్యి" అన్నాడు. ఆ సంతోషంలో దగ్గు వచ్చి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

పెద్దనాయన నవ్వలేదు. నాకు మాత్రం శనక్కాయలు నోట్లో ఉండి పొరమారింది.

పై వారం ఆయన ఎలుగుబంటిని గడిలోంచి తీయించాడు. దాని బదులు ఇంకేమీ పెట్టలేదు. చుట్టూ గీతలు మాత్రం ఉంచి, లోపల తెల్లగా వదిలేశాడు. "నువ్వు మానేదాకా నీ ఎలుగు బయటికి రాదు బావా" అని కబురంపాడు. మామ కాగితం పంపడం ఆపేశాడు.

యుద్ధం రోజులు, కాగితం ఎక్కడా దొరకదు. ఒక వారం మిఠాయి కొట్టు వాళ్ళ పొట్లాల కాగితం మీద అచ్చేశాం. ఇంకో వారం పెళ్ళిపత్రికల కోసం తెచ్చి మిగిలిన గులాబీ కాగితం దొరికితే, బర్మాలో బాంబులు పడ్డ వార్త దాని మీద వేశాం. అంచున చిలకలు కూడా ఉన్నాయి. పత్రిక చిక్కిపోయి అరచేయంత అయింది గాని, వెనక పక్క ఆ ఖాళీ గడి మాత్రం ఉండాల్సిందే. వార్తలకు చోటు లేదు పెద్దనాయనా, ఆ గడిలో కొంచెం ఎక్కిద్దామంటే, "అది ఖాళీ కాదు రా, బావకు రాసింది" అనేవాడు. మామ తన దుకాణంలో కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని, ఆ ఖాళీ గడిని రోజంతా చదివేవాడు.

మామ ఒక్కడే కాదు, దాన్ని చదవకూడనివాళ్ళు కూడా చదివారు. పత్రికలు సర్కారు మీద నిరసనగా సంపాదకీయం చోటు తెల్లగా వదిలేస్తున్న కాలం అది. ఒకరోజు మధ్యాహ్నం సబ్ ఇన్‌స్పెక్టరు, వెనక కానిస్టేబుల్, గులాబీ పత్రిక పట్టుకుని వచ్చారు. ఇన్‌స్పెక్టరు కోస్తా వైపు నుంచి కొత్తగా బదిలీ అయిన మనిషి.

"ఇది ఏమిటండీ?" అని గడి మీద వేలు పెట్టాడు.

"ఖాళీ అయ్యా."

"ఖాళీ అని నాకూ కనబడుతోంది. ఎవరిని ఉద్దేశించి ఈ ఖాళీ?"

"ఎదురింటాయన్ని" అన్నాడు పెద్దనాయన.

ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి చూశాడు. "ఖద్దరు మనిషా?"

"కాదయ్యా. చుట్టల మనిషి."

"మరి ఈ ఎర్రకాగితం?"

"అది గులాబీ అయ్యా. పెండ్లి కాగితం."

ఇన్‌స్పెక్టరుకు ఓపిక పోయింది. తనను ఎగతాళి చేస్తున్నామనుకున్నాడు. ఆ గడిలో ఇదివరకు ఉన్న బొమ్మ ఏదో తెచ్చి ఇప్పుడే పెడితే సరేసరి, లేకపోతే ప్రెస్సుకు తాళం వేసి, సంపాదకుణ్ణి కర్నూలు తీసుకుపోతానన్నాడు. ఎలుగుబంటి అచ్చుదిమ్మ బల్ల మీదే ఉంది. చెయ్యి చాస్తే అందుతుంది. నేను చెయ్యి చాచాను. పెద్దనాయన నా చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"పెట్టనయ్యా" అన్నాడు.

"ఎందుకు పెట్టవు?"

"మాటిచ్చినా."

"ఎవరికిచ్చావు?"

"నాకే."

అప్పుడు వీధిలో దగ్గు వినబడింది. మామ వస్తున్నాడు. చాలా కాలంగా అటువైపు నుంచి ఇటు అడుగు పెట్టని మనిషి, వీధి మధ్యలో ఒకసారి ఆగి, గుమ్మంలో ఒకసారి ఆగి, లోపలికి వచ్చాడు. ఇన్‌స్పెక్టరు ఏదో అడగబోయాడు. దగ్గు ఆగేదాకా సర్కారు కూడా ఆగాల్సి వచ్చింది. కానిస్టేబుల్ మంచినీళ్ళు తెచ్చాడు.

"అయ్యా, ఆ ఖాళీ నాది" అన్నాడు మామ. "చుట్ట మానమంటాడు. నేను మాననంటి. దానికని నా ఎలుగును తీసేసినాడు. కాగితం ఇయ్యకుండా ఎండగట్టినా. అయినా దిగిరాల్యా. ఇందులో దొరలకు ఏం సంబంధం లేదు. వాణ్ణి కర్నూలు కొండబోవద్దండి, వానికి ఆ ఊరి తిండి పడదు."

ఇన్‌స్పెక్టరు చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇదంతా నేను రిపోర్టులో రాస్తే పైవాళ్ళు నన్ను పిచ్చాసుపత్రికి బదిలీ చేస్తారు" అన్నాడు. తర్వాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, తీర్పు చెప్పాడు. "ఆ గడి నిండాలి. నువ్వు చుట్ట మానితే గాని ఈయన నింపడు. కాబట్టి నువ్వు చుట్ట మానెయ్. ఇది హుకుం."

"అట్లయితే కొత్త ఆకు కాల్చి చూపించేదెవురయ్యా?"

ఇన్‌స్పెక్టరు మీసం సవరించుకున్నాడు. "అది నేను చూసుకుంటాలే" అన్నాడు.

మద్రాసు రాజధాని మొత్తంలో సర్కారు ఆజ్ఞ మీద చుట్ట మానిన మనిషి మా మామ ఒక్కడే అయి ఉంటాడు. మానిన కొత్తలో ఆయనతో వేగడం మా వల్ల కాలేదు. దుకాణంలో ఉంటే చెయ్యి చుట్ట మీదికి పోతుందని, తెల్లారగానే ప్రెస్సుకు వచ్చి కూర్చునేవాడు. వేయించిన చింతగింజలు నములుతూ వార్తలన్నిటికీ వంకలు పెట్టేవాడు. వానలు సరిగా పడలేదని రాస్తే, "వాన మీద మనకెందుకు పగ? తీసెయ్" అనేవాడు. ఏడవలేక నవ్వాం. పెద్దనాయన మాత్రం చింతగింజల పళ్ళెం ఆయన ముందుకు జరిపేవాడు. మెల్లగా దగ్గు తగ్గింది, ఒకనాటికి పోయింది. బజారు వీధిలో పాలు పితకడం ఆలస్యమైంది.

ఎలుగుబంటి మళ్ళీ గడిలోకి వచ్చింది. కాగితం వచ్చింది. ఆ రోజు డాక్టరు ప్రెస్సుకు వచ్చి మెచ్చుకుంటూనే ఒక ప్రశ్న వేశాడు. "ఛాతీ మీ స్నేహితుడొక్కడికే ఉందా?" పెద్దనాయన ఆయన్ని గుమ్మందాకా సాగనంపాడు. డాక్టరు వెళ్ళాక నాతో అన్నాడు. "అడగాల్సిందే అడిగినాడు అబ్బీ. నాకుండేది ఒక గడి. దాంతో ఒక మనిషిని పట్టుకున్యా. ఊరిని పట్టుకునేంత పత్రిక నువ్వు పెట్టు."

నేను పెట్టలేదు. ఈ సంచిక వెనక పేజీ తిప్పి చూడండి, ఎలుగుబంటి అక్కడే ఉంది. దగ్గు అన్న మాట మాత్రం ఆ తర్వాత మా పత్రికలో స్వేచ్ఛగా తిరిగింది. కొమరోలు గడ్డివాములు కూడా చుట్టల వల్లనే తగలబడటం మొదలుపెట్టాయి. ఆయన గెలిచింది అంతే. తక్కువేనని నాకు ఇప్పటికీ కోపం. అయినా అన్నం పెట్టే చేతితో పోట్లాడి ఆ మాత్రం గెలిచిన సంపాదకుణ్ణి ఇంకొకరిని నేను చూడలేదు. నాకు ఆయనంటే ప్రాణం.

శనివారం పొద్దున బయలుదేరదీశాం. ఆయన కొడుకు నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచాడు. పాడె ముందు కొమ్ముకు ఒక పక్క నేను, ఇంకో పక్క మామ. వెనక ఇద్దరు కంపోజిటర్లు. ఊరి బయట దారి ఎత్తుగా ఉంటుంది. మేం వయసు కుర్రాళ్ళమే గాని మామ చుట్టలకు అలవాటు పడినవాళ్ళం, సగం దారికి ముందే మాకు రొప్పు వచ్చింది. కంపోజిటర్లు భుజం మార్చుకున్నారు. నేనూ ఇంకొకరికి ఇచ్చి పక్కన నడిచాను. మామ పెద్దనాయన కంటే పెద్దవాడు, "ఇటియ్యి మామా" అని చెయ్యి పెట్టాను.

"నాకేమయింది? నా ఊపిరి బాగుంది. నువ్వు నడువ్ అబ్బీ" అన్నాడు. ఇవ్వలేదు.

సగం దారిలో పాడె దించే చోటు ఉంది. ప్రాణం ఎక్కడన్నా మిగిలి ఉంటే పలుకుతుందేమోనని, బాగా కావలసినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. కొడుకు పిలవబోయి ఏడుపుతో పిలవలేకపోయాడు. మామ మోకాళ్ళ మీద కూర్చుని, ఒంగి, పెద్దనాయన చెవిలో "బావా" అని పిలిచాడు. ఎక్కడా చీలని గొంతు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. మూడోసారి పిలిచినప్పుడు అవతల బీడులో గొర్రెలు మేపుకుంటున్న మనిషి తననేనేమో అనుకుని తిరిగి చూశాడు.

మామ తన చెవిని పెద్దనాయన నోటి దగ్గర పెట్టి కాసేపు విన్నాడు. తర్వాత లేచి, కొమ్మును తన భుజం మీదికి తానే ఎత్తుకున్నాడు.